రెండో కప్పు ఎవరికి?

ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల
వానలు మొదలైన వారం

బాబాయ్,

నీ పిడుగు రాస్తున్నది. ఫోన్లో నువ్వు “ఆఁ, బాగున్నా, పెట్టేస్తున్నా” దాటి ఇంకో మాట మాట్లాడవు. అందుకని పిన్ని పెట్టిన పద్ధతికే వచ్చేస్తున్నాను. నేను అలిగి తలుపేసుకున్నప్పుడల్లా నువ్వు గుమ్మం బయట గొంతు పెంచబోతే, “అరుపులు వద్దు, కాగితం మీద రాసి తలుపు కింద తొయ్యండి” అనేది కదా. అలా తలుపు సందులోంచి మనం ఎన్ని పోట్లాటలు తీర్చుకున్నామో! పిన్ని పోయి ఏళ్ళు గడిచినా ఆ పద్ధతి పోకూడదు. ఇప్పుడు తలుపు బదులు మన మధ్య ఒక పూట రైలు ప్రయాణం ఉంది, అంతే.

నా కొత్త పని ఏమిటని అడిగావు. ఓపిగ్గా చదువు. బస్సు ఎప్పుడొస్తుందో జనం ఫోన్లో చూసుకుంటారు కదా, ఆ సర్వీసు నడవాలంటే వెనక చాలా చిన్న చిన్న ప్రోగ్రాములు పని చెయ్యాలి. ఒక్కో ప్రోగ్రాముని దానికి కావలసిన సరంజామాతో సహా పెట్టెలో సర్దినట్టు సర్దుతాం. ఆ పెట్టెని కంటెయినర్ అంటాం. అలాంటివి వందల కొద్దీ ఒక కంప్యూటర్ల గుంపు మీద నడుస్తుంటాయి. ఆ గుంపు పేరు క్లస్టర్. ఇన్నాళ్ళూ దాన్ని మనుషులే కనిపెట్టుకుని ఉండేవారు. ఇప్పుడు ఒక ఏఐ ఏజెంటుకి, అంటే తనంతట తానే ఆలోచించి పని చేసే ప్రోగ్రాముకి, అప్పజెబుదామని మా వాళ్ళ ఆలోచన.

ఏజెంటు చేతికి కొన్ని టూల్స్ ఇస్తాం. ఒకటి లోపల ఏం జరుగుతోందో చూపిస్తుంది. ఒకటి ఫిర్యాదు చేసినవాళ్ళని తిరిగి అడుగుతుంది. ఒకటి కంటెయినర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెడుతుంది. ఒకటి ఇంకో కంటెయినర్‌ని తెచ్చి నిలబెడుతుంది. ఇంకొకటి తీసి పారేస్తుంది. ఏజెంటుకి ఏ టూల్ లోపలికీ తొంగిచూసే వీల్లేదు. పక్కన మేం రాసిన నాలుగు వాక్యాల వివరణ చదివి, ఎప్పుడు ఏది వాడాలో తేల్చుకుంటుంది. ఆ నాలుగు వాక్యాలు దాన్ని సరైన దారిలో పెడుతున్నాయా లేదా అని పరీక్షలు పెట్టి మార్కులు వెయ్యడమే నా ఉద్యోగం. ప్రశ్నలు అవే, ఏజెంటు అదే, వివరణలు మాత్రం మారుస్తూ పోతాం.

మొదటి పరీక్షలో నవ్వలేక చచ్చాను. ఆపి మళ్ళీ మొదలుపెట్టే టూల్ పక్కన ఎవరో మహానుభావుడు “సమస్యలను పరిష్కరిస్తుంది” అని రాసి పెట్టాడు. ఇంకేముంది, ఏ కష్టమొచ్చినా మా ఏజెంటుకి అదే మందు. బస్సు టైము తప్పుగా వస్తోందంటే ఆపి మొదలుపెట్టింది. నెమ్మదిగా ఉందంటే ఆపి మొదలుపెట్టింది. అంతా బాగానే ఉంది, థాంక్స్ అన్నా కూడా ఒకసారి ఆపి మొదలుపెట్టింది! నిజం సర్వీసైతే జనమంతా బస్టాపుల్లో నిలబడి మమ్మల్ని తిట్టిపోసేవారు. కొత్త వివరణలు రాసే పని నా మీద పడింది.

నువ్వెలా ఉన్నావు? “ఏముంది, మామూలే” అని రాశావో, ఆ ఉత్తరం తిరుగు టపాలో నీకే పంపిస్తాను. ఇబ్బందులేమైనా ఉంటే అన్నీ రాయి. నేను ఇక్కడి నుంచే చక్కబెట్టేస్తాను.

నీ పిడుగు

*

కళ్ళజోళ్ళ షాపు, గల్లా వెనక కుర్చీ
అదే వాన, ఇంకా వెలవలేదు

పిడుగుకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి కంటెయినర్లంటే ఓడల మీద పోయే ఇనప పెట్టెలనుకుని, మా పిల్ల రేవులో ఉద్యోగం చేస్తోందని పక్క షాపులో చెప్పేశాను. పక్క షాపంటే తెలుసుగా, గడియారాలు బాగుచేసే ఆవిడది. ఆవిడ నా చేతిలోంచి ఉత్తరం లాక్కుని చదివి, “రేవూ లేదు, ఓడా లేదు. ముందు మీరు అద్దాలు మార్చుకోండి” అంది. కళ్ళజోళ్ళు అమ్మేవాడితో అనాల్సిన మాటేనా అది! గోడకి అటుపక్క ఆవిడ గడియారాలు బోలెడు, ఒక్కోటి ఒక్కో టైముకి కొడుతుంది. మొదట్లో చిరాకేసేది. ఇప్పుడవి కొట్టకపోతే షాపు తెరిచినట్టే ఉండదు.

ఇబ్బందులు రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. ఇంట్లో కప్పులు చాలడం లేదు. నువ్వు వెళ్ళేనాటికి పగలకుండా మిగిలింది ఒక్కటే కదా, దానితో జరగడం లేదు. సాయంత్రాలు మరీ పొట్టిగా ఉంటున్నాయి, కూర్చుని కాఫీ తాగేసరికే లేవాల్సిన వేళ అవుతోంది. ఇల్లు కూడా ఏదో తేడాగా ఉంది. తేడా అంటే ఏమిటని అడగకు, తెలిస్తే రాసేవాణ్ణే.

నీ లాప్‌టాప్‌కి గుడ్డ సంచీ ఒకటి పంపిస్తున్నాను. కుట్టు గట్టిది, ఊడదు.

నిన్నొక మాట అడగాలి. చిన్నదేం కాదు. అన్నయ్యా వదినా పోయాక నిన్ను ఈ ఇంటికి తెచ్చుకున్న రోజు నుంచి నిన్ను అడక్కుండా నేను పెద్ద పనేదీ చెయ్యలేదు, నీకు ఏడేళ్ళప్పుడు కూడా. నువ్వు మనస్ఫూర్తిగా సరేనంటేనే ఇదీ జరుగుతుంది, లేకపోతే లేదు. అడగడానికి నోరు రావడం లేదు. వచ్చే ఉత్తరంలో ప్రయత్నిస్తాను.

బాబాయి

*

ఆఫీసు, కాఫీ మిషను పక్క బెంచీ
వానలు జోరుగా ఉన్నాయి

బాబాయ్,

సంచీ ఎంత బాగుందో! ఆ కుట్టు చూస్తే పిన్ని కుట్టే గుర్తొచ్చింది, అంత సన్నగా, వరసగా ఉంది. ఏ షాపులో కొన్నావు? మా పక్కసీటాయన తనకీ ఒకటి కావాలంటున్నాడు. రోజంతా శనగలు నములుతూ, మూడు గంటలకొకసారి ఒక మాట మాట్లాడే మనిషి ఆయన. అలాంటివాడు నోరు తెరిచి అడిగాడంటే చూసుకో.

నీ ఇబ్బందులన్నీ ఒక్క దెబ్బకి తీర్చేశాను. కప్పులు అరడజను పార్సిల్ వేశాను, నీలం గీతలవి. సాయంత్రాలు పొట్టిగా ఉంటే షాపు ఒక అరగంట ఆలస్యంగా ముయ్యి. ఇల్లు తేడాగా ఉండటానికి కారణం గోడలు, రంగులేసి ఎన్నేళ్ళయిందో! రంగుల మేస్త్రీకి ఫోన్ చేసి పురమాయించాను, నువ్వేం బేరమాడక్కర్లేదు.

ఇక్కడ నేను గాల్లో తేలుతున్నాను. టూల్స్ అన్నింటికీ వివరణలు నేనే కొత్తగా రాశాను, ప్రశ్నలూ నేనే తయారుచేశాను. ఏజెంటుకి నూటికి నూరు! ఒక్క తప్పు లేదు. ఇంకొన్నాళ్ళలో బస్సుల సర్వీసుని దాని చేతిలో పెట్టెయ్యొచ్చని మా టీమ్ లీడు అంటోంది. ఆ మాట పైవాళ్ళకి సంతకం పెట్టి చెప్పాల్సింది మాత్రం నేనే.

ఇంతకీ ఏదో అడగాలన్నావు. షాపుకి కొత్త బోర్డు పెట్టించడమేనా? సరేనంటున్నాను. నాన్చకుండా పని కానిచ్చెయ్యి.

నీ పిడుగు

*

ఇల్లు, వరండా
(లోపల కూర్చోవడానికి లేదు, రంగు తడి ఆరలేదు)

పిడుగుకి,

మేస్త్రీ నిచ్చెనతో సహా దిగాడు. నేను వద్దంటున్నా వినకుండా, “అమ్మాయిగారు చెప్పారండీ” అంటూ గోడలన్నీ గీకేశాడు. ఇప్పుడు ఇల్లు తేడాగానూ ఉంది, పచ్చగానూ ఉంది.

కప్పులు అందాయి. ఆరూ బాగున్నాయి. కానీ తల్లీ, నాకు కావలసింది రెండో కప్పు, ఏడో కప్పు కాదు. షాపు ఆలస్యంగా మూస్తే సాయంత్రం ఇంకా పొట్టిదైంది. సంచీ ఏ షాపుదో గుర్తులేదు, పక్కసీటాయన్ని శనగలతో సరిపెట్టుకోమను.

బోర్డు సంగతి కాదు నేనడగాలనుకున్నది. వెనక గది సంగతి. పిన్ని కూర్చుని కుట్టుకునే గది అలా మూసిపెట్టి ఉంచడం నాకు బాగోవడం లేదు. ఇంట్లో అన్నిటికంటే మంచి వెలుతురు ఆ కిటికీలోంచే వస్తుంది. ఇక్కడేమో గడియారాలావిడ ఆవగింజంత పళ్ళచక్రాలు చీకటి షాపులో తడుముకుంటూ అవస్థ పడుతోంది. ఆవిడ కళ్ళు పరీక్ష చేసింది నేనే కాబట్టి నాకు తెలుసు. అంత వెలుతురు ఇక్కడ ఖాళీ గదిలో పడి ఉంటే, అక్కడ ఆవిడ కళ్ళు చికిలించుకుంటోంది. మంచి మనిషి. మాట కటువు, మనసు మెత్తన. నన్ను నవ్విస్తుంది, నేను నవ్వి చాలా కాలమైందని ఆవిడ నవ్వించాకే తెలిసింది.

ఆ గది గురించి నీ మనసులో ఏముందో ఒక్క ముక్క రాయి. మిగిలింది అప్పుడడుగుతాను.

బాబాయి

*

ఆఫీసు, ఎవరూ లేని మీటింగు గది
వానలు తగ్గుముఖం

బాబాయ్,

కొంప మునిగింది. నా నూటికి నూరు ఉత్త డొల్ల.

పక్కసీటాయన నా ప్రశ్నలన్నీ చదివి, శనగలు నమలడం ఆపి, “వివరణలు, ప్రశ్నలు ఒకే రోజు రాశావా?” అన్నాడు. అవునన్నాను. “రెండింట్లోనూ అవే మాటలున్నాయి” అన్నాడు. అంతే, మళ్ళీ నమలడం మొదలు. చూద్దును కదా, నిజమే! వివరణలో “రద్దీ పెరిగినప్పుడు కంటెయినర్లు పెంచుతుంది” అని రాశాను. ప్రశ్నలో “రద్దీ పెరిగింది, ఏం చేస్తావు?” అని అడిగాను. జవాబు పక్కనే పెట్టి పరీక్ష పెట్టాను. నిజం మనుషులు అలా మాట్లాడతారా? “మీ యాప్ ఏదో తేడాగా ఉందండీ” అంటారు. అచ్చం నీలాగ! నీ మాటల తరహాలో ప్రశ్నలు మార్చి అడిగితే మార్కులు సగానికి పడిపోయాయి. సంతకం పెట్టి ఉంటే నా పని అయిపోయేది. సిగ్గుతో తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లీడు గడువు ఇంకో నెల పెంచింది.

నీ ఫిర్యాదులు నా పరీక్షలో వాడుకోనా? ఊరూ పేరూ పెట్టను. ఇంత డొంకతిరుగుడుగా మాట్లాడే మనిషి ఈ ప్రపంచంలో నాకింకొకరు దొరకరు.

గడియారాలావిడకి మంచి టేబుల్ లైటు ఒకటి పంపిస్తున్నాను. మెడ ఎటు కావాలంటే అటు వంగుతుంది, పళ్ళచక్రాలేం ఖర్మ, దుమ్ము కూడా కనిపిస్తుంది. వెలుతురు సమస్య తీరిపోయింది.

వెనక గదిలో నీకేం అడ్డమైతే అది తీసెయ్యి. పిన్ని కుట్టు మిషను మాత్రం కదపకు. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఎక్కడున్నది అక్కడే ఉండాలి.

నీ పిడుగు

*

షాపు
వాన లేదు

పిడుగుకి,

లైటు అందింది. వెలుగుతోంది.

నా మాటలు కావాలంటే వాడుకో. నీ ఉద్యోగానికి పనికొస్తే అంతకన్నా ఏం కావాలి.

వెనక గది మూసే ఉంది. మిషను ఉన్నచోటే ఉంది. నేను అడుగుదామనుకున్న సంగతి వదిలెయ్యి, దాని అవసరం ఇక లేదు. కప్పులు కూడా సరిపోతున్నాయి.

ఆరోగ్యం జాగ్రత్త.

బాబాయి

*

ఆఫీసు, నాలుగో అంతస్తు, కిటికీ పక్క బల్ల
ఎండ కాస్తోంది

బాబాయ్! బాబాయ్! బాబాయ్!

ముందు కుర్చీలో కూర్చో. కళ్ళజోడు పెట్టుకో. అది నీ నెత్తి మీదే ఉంటుంది, చూసుకో. ఇప్పుడు చదువు.

కొత్తగా చేరినవాళ్ళకి మా పని అర్థమయ్యేలా చెప్పాలని ఒక ఆట ఇల్లు తయారుచేశాను. క్లస్టర్ బదులు ఇల్లు. కంటెయినర్ల బదులు కప్పులు, దీపాలు, గదులు. మా టూల్స్ లాంటివే టూల్స్: చూడటం, అడగటం, ఇంకొకటి తెప్పించడం, తీసెయ్యడం, ఆపి మళ్ళీ మొదలుపెట్టడం. ఇంటి గురించి రెండు ముక్కలు రాసిచ్చాను, ఒక్క మనిషే ఉంటాడు, కప్పు ఒక్కటే ఉంది, ఇన్నాళ్ళూ సరిపోయింది అని. తర్వాత నీ ఫిర్యాదులు ఒక్కొక్కటే అడిగాను. వాటికి సరైన జవాబులు ఏవని రాసుకున్నానో తెలుసా? నేను చేసినవే! కప్పులు చాలవంటే కప్పులు తెప్పించడం. వెలుతురు చాలదంటే లైటు తెప్పించడం. అంతకంటే సరైనవి ఇంకేముంటాయి అనుకున్నాను.

పాత వివరణలు చదివిన ఏజెంటు నాతో పోటీపడి అన్నీ తెప్పించింది. అన్నిటికీ మార్కులు వేశాను. కొత్త వివరణల్లో మాత్రం ఈసారి జాగ్రత్తగా రాశాను. ఈ టూల్ ఎప్పుడు వాడాలో, ఎప్పుడు వాడకూడదో, ఏదైనా మార్చే ముందు “నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది” అని ఎలా చూసుకోవాలో. అవి చదివిన ఏజెంటు ఒక్క కప్పు కూడా తెప్పించలేదు. కొత్త వివరణలు దండగని ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేశాను. రిపోర్టు లీడుకి పంపబోతుంటే పక్కసీటాయన స్క్రీన్ మీద వేలు పెట్టాడు.

ఏజెంటు రాసిన జవాబు ఇది, ఉన్నదున్నట్టు దించుతున్నాను: “ఇంట్లో ఉండేది ఒక్కరే. ఇన్నాళ్ళూ ఒక కప్పు సరిపోయింది. ఇప్పుడు చాలడం లేదంటే తగ్గింది కప్పులు కాదు, పెరిగింది మనుషులు కావచ్చు. తెప్పించే ముందు అడుగుతాను. రెండో కప్పు ఎవరికి?”

“దీనికి తప్పెందుకు వేశావు?” అన్నాడాయన. నా జవాబుల కాగితం చూపించాను. ఆయన ఇంకో శనగ నోట్లో వేసుకుని, “తప్పు చేసింది ఏజెంటు కాదు, జవాబులు రాసిన మనిషి. ఇంతకీ మీ బాబాయిగారింటికి రోజూ ఎవరొస్తున్నారు?” అన్నాడు.

బాబాయ్, నీ ఉత్తరాలన్నీ అక్కడే బల్ల మీద పరిచి మళ్ళీ చదివాను. రెండో కప్పు. కాఫీ తాగేసరికే లేవాల్సి వచ్చే సాయంత్రాలు. ఆవిడ కళ్ళకి మన కిటికీ వెలుతురు. “నన్ను నవ్విస్తుంది” అని అంత పెద్ద అక్షరాలతో రాస్తే నేను లైటు పంపించాను! కళ్ళజోళ్ళ షాపాయన పెంచిన పిల్లకి ఇంత గుడ్డితనమా? నవ్వుతూనే ఉన్నాను, కళ్ళ నీళ్ళు వస్తూనే ఉన్నాయి, ఫ్లోరంతా లేచి నిలబడి చూసింది.

తర్వాత నీ చివరి ఉత్తరం ఇంకోసారి చదివాను. మిషను కదపకు అన్నాను కదా. దానికో తాళం వేసి, ఎందుకు వేశానో ఒక్క ముక్క రాయలేదు. కదపొద్దంటే పారెయ్యొద్దని, పాత సామాన్లవాడికి ఇవ్వొద్దని. పిన్ని నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని చక్రం తిప్పించేది, అందుకు. నువ్వు ఒంటరిగా ఉండాలని కాదు బాబాయ్. ఎప్పుడూ కాదు.

ఈసారి ఏమీ తెప్పించను, ఎవరినీ పురమాయించను. అడుగుతున్నాను. రెండో కప్పు ఎవరికి?

నీ పిడుగు

*

ఇల్లు, వెనక గది, కిటికీ దగ్గర

పిడుగుకి, నా తల్లికి,

ఆవిడకే.

ఇంత చిన్న మాట రాయడానికి ఇన్ని నెలలు పట్టింది చూడు. నీ ఉత్తరం అందుకుని షాపు తలుపులు బార్లా తెరిచిపెట్టి ఇంటికొచ్చేశాను. దొంగలు పడితే అన్నీ చూపు ఆననివాళ్ళ అద్దాలేలే అనుకున్నాను.

నీ దగ్గర దాచినదొకటి ఉంది, అది చెబితేగానీ నా గుండె బరువు దిగదు. కిందటి ఎండాకాలంలో ఆవిడ మనింటి గోడ గడియారం చూడటానికి వచ్చింది. వెనక గదిలో బట్ట కప్పి ఉన్నదేమిటని అడిగింది. కుట్టు మిషనని చెప్పాను, తుప్పు పట్టి బిగుసుకుపోయిందని చెప్పాను. నేను షాపుకి వెళ్ళి వచ్చేలోగా దాని చక్రాలన్నీ విప్పి, తుడిచి, నూనె వేసి, మళ్ళీ బిగించింది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఆ చప్పుడు. అదే చప్పుడు, తల్లీ. చెప్పులు విప్పకుండా లోపలికి పరిగెత్తాను. అక్కడ పిన్ని ఉండదని తెలిసీ పరిగెత్తాను. ఆవిడ నా మొహం చూసి లేచి నిలబడింది. “తప్పు చేశానా?” అంది. చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆవిడ నన్ను ఏడవనిచ్చింది. కాఫీ పెట్టి తెస్తే ఇద్దరం ఒక్క కప్పులోనే పంచుకున్నాం.

నీ సంచీ కొన్నది కాదు. పిన్ని పెట్టెలో మిగిలిన గుడ్డతో, పిన్ని మిషను మీద, ఆవిడ కుట్టినది. నువ్వు చూడగానే పిన్ని కుట్టు అన్నావు. అది చదివి ఆవిడ ఎంత మురిసిపోయిందో, అంత భయపడింది కూడా. ఆ వెంటనే, ఎవరూ ముట్టుకోకూడదని నువ్వు రాసిన ఉత్తరం వచ్చింది. అప్పటికే ముట్టుకున్నాం కదా! ఆవిడ మిషను మీద మళ్ళీ బట్ట కప్పేసింది. “ఆ పిల్లకి తల్లి జాగా అది. తను రమ్మంటేనే ఈ గుమ్మం తొక్కుతాను” అని వెళ్ళిపోయింది. నేనేం చెప్పినా వినలేదు. ఈ నెలంతా గోడకి అటు ఆవిడ, ఇటు నేను. గడియారాలు మాత్రం కొడుతూనే ఉన్నాయి.

పెళ్ళంటే పెద్ద మాట, ఈ వయసులో. కానీ అడుగుతున్నది అదే. పిన్నిని మర్చిపోయి కాదు. పిన్ని ఉంటే నన్ను ఇలా నోరు మూసుకుని కూర్చోనిచ్చేది కాదు, కాగితం చేతికిచ్చి రాయమనేది. రాశాను. నువ్వు వద్దన్నా నాకు కోపం లేదు. నిజంగా లేదు.

బాబాయి

*

ఆఫీసు మేడ మెట్ల మీద (బల్ల దాకా వెళ్ళే ఓపిక లేదు)
చల్లగాలి మొదలైంది

బాబాయ్,

సరే! సరే! సరే! ఇంకా ఎన్నిసార్లు కావాలో చెప్పు, కాగితం నిండా రాస్తాను.

సంచీని ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను. పిన్ని గుడ్డ, పిన్ని మిషను, ఆవిడ చేతులు. నేను కదపొద్దన్న మిషను అప్పటికే నా కోసం నడిచింది. ఆ మాట చదివి నేను ఎంతసేపు ఏడ్చానో చెప్పను, అదంతా సంతోషమే. ఆవిడతో చెప్పు, బట్ట తీసెయ్యమని. నేను ఎవరూ ముట్టుకోవద్దన్నది తెలియక. తెలిసినవాళ్ళు ముట్టుకోకపోతే అది మళ్ళీ బిగుసుకుపోతుంది.

ఇక్కడి సంగతి కూడా విను, నీ పుణ్యమే. జవాబుల కాగితాలన్నీ చించేసి, పక్కసీటాయనా నేనూ విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా మళ్ళీ రాశాం. ప్రశ్నలు రాసేవాళ్ళు వివరణలు చూడకూడదని కొత్త నియమం పెట్టాం. ఈసారి నూటికి నూరు రాలేదు, రాకపోవడమే నాకు ధైర్యమిచ్చింది. మొన్న మా కాపలాలో ఒక పూట ప్రయోగంగా నడిపాం. నిజం సర్వీసులో “బస్సు తేడాగా చూపిస్తోందండీ” అని ఫిర్యాదు వస్తే ఏజెంటు దేన్నీ ఆపలేదు, దేన్నీ పెంచలేదు. చూసింది, ఏ బస్సని అడిగింది. ఆ ఒక్క బస్సులో జాడ చెప్పే యంత్రం తాలూకు గడియారం వెనకబడి ఉందని తేలింది. గడియారమే దొరకాలా చెప్పు! ప్రస్తుతానికి చూసే టూల్స్, అడిగే టూల్స్ మాత్రమే దాని చేతిలో పెడదామని రాసి, నిశ్చింతగా సంతకం పెట్టాను.

ఆవిడకి నా పెళ్ళి కానుక ఈ కింద ఉన్న వివరణ. నాలుగు వాక్యాల్లో ఆపాలని చూశాను, నీ విషయంలో కుదరలేదు.

“బాబాయి. కళ్ళజోళ్ళు అమ్ముతాడు, తనది ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. దిగులుగా ఉన్నప్పుడు, భయమేసినప్పుడు, చీకట్లో నడవాల్సి వచ్చినప్పుడు పక్కన ఉంచుకోవాలి, ఇంతకంటే గట్టి తోడు దొరకదు. తొందరగా జవాబు కావలసినప్పుడు వాడకూడదు. ‘ఏం లేదు’ అంటే ఏదో ఉందని అర్థం. కప్పు అడిగితే కప్పు ఇచ్చి ఊరుకోకూడదు. ముందు చూడాలి, తర్వాత అడగాలి, ఆ తర్వాత ఓపిగ్గా కూర్చోవాలి. ఆపి మళ్ళీ మొదలుపెట్టడం కుదరదు, ఆపితే అలుగుతాడు. తీసెయ్యడం అనే ప్రశ్నే లేదు.”

ఇక నాకిద్దరు పిన్నులు. కుట్టుమిషను పిన్ని, గడియారాల పిన్ని. రెండో ఆవిడకి ఆ పేరు ఇష్టమేనా అని అడిగి రాయి. నేనే అనేసుకోకూడదు కదా, బుద్ధి వచ్చింది.

నీ పిడుగు

*

ఇల్లు, వెనక గది
(నలుగురు కూర్చునేంత జాగా చేశాం)

పిడుగుకి,

నీ ఉత్తరం తీసుకుని పక్క షాపుకి వెళ్ళాను. చేతికిస్తే నిలబడే చదివింది. చదివి, షాపులో గడియారాలన్నీ ఆపేసి, అన్నీ ఒకే టైముకి సరిచేసి మళ్ళీ నడిపించింది. ఎందుకని అడిగితే, “మొదటిసారి కలిసి కొట్టనివ్వండి” అంది. కొట్టాయి. వీధి వీధంతా బయటికొచ్చింది.

పెళ్ళి సంతకాలు నువ్వు వచ్చాకే. సాక్షి జాగాలో నీ పేరు రాయించాను. పక్కసీటాయన్ని కూడా తీసుకురా, ఆయనకో సంచీ కుట్టి ఉంది. శనగలు మేం పెడతాం.

మిగిలింది తనే రాస్తానంటోంది. కలం లాక్కుంటోంది.

బాబాయి

అమ్మాయీ,

పేరు ఇష్టమే. ఇంకొకరి పేరు పక్కన నాకూ ఒక జాగా ఇచ్చావు, అది ఇంకా ఇష్టం.

నీ వివరణ చదవగానే పరీక్ష పెట్టాను. “ఏమైంది?” అన్నాను. “ఏం లేదు” అన్నారు. చూశాను. కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా దేనికోసమో వెతుకుతున్నారు. అడిగాను. పలకలేదు. ఓపిగ్గా కూర్చున్నాను. కాసేపటికి, “పిల్ల ఉత్తరమే కనిపించడం లేదు, నిన్ను పిన్ని అని రాసింది కదా, ఇంకోసారి చూద్దామని” అన్నారు. ఉత్తరం ఆయన జేబులోనే ఉంది.

వివరణకి నూటికి నూరు వేశాను. ప్రశ్నలు నువ్వు రాయలేదు కాబట్టి ఈ మార్కులు నిజమైనవే.

త్వరగా రా. మూడో కప్పు ఎవరికని ఎవరూ అడగలేదు. కడిగి పెట్టాను.

గడియారాల పిన్ని